పది రోజుల క్లచ్ ప్లేటు

“మా ఆయన మనిసిని సంపీసినానని ఒప్పీసుకున్నాడు బాబూ. సంపనేదు. ఆ టయానికి ఆయన నా ఎదురుగానే ఉన్నాడు.”

జ్ఞానదాసు తాళం తీశాడే కాని, ఇంకా తలుపు తోయలేదు. పూర్ణా మార్కెట్టు వెనక సందులో, ఉల్లిపాయల గోదాము మీద ఉన్న ఆ ఒంటి గది ఆఫీసుకి ఉదయం ఎనిమిదికే మెట్లెక్కి వచ్చి కూర్చున్న మనిషిని ఆయనా, వెనకే వస్తున్న ఆశా తెల్లబోయి చూశారు. నలభై అయిదేళ్ళుంటాయి. చీర కొంగు మీద ఎండిన రక్తపు మరక ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

జ్ఞానదాసు ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలకు ప్రమాదాల సర్వేయరుగా తిరిగినవాడు. నుజ్జయిన బళ్ళను చూసి ఏం జరిగిందో చెప్పడం ఆయన పని. ఆ ఉద్యోగం మానేసి మూడేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివుగా ఉంటున్నాడు. ఆశ డిగ్రీ అయ్యాక ఆయన దగ్గర టైపిస్టుగా చేరి, ఆయన పని చేసే తీరు చూస్తూ చూస్తూ అసిస్టెంటుగా మారింది. ఆయన ఏం చూస్తే తనూ అదే చూస్తుంది. ఆయనకు కనిపించినది తనకెందుకు కనిపించదో ఆమెకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆశ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుందే కాని తాగలేదు.

పేరు కాసులమ్మ. ఉండేది కంచరపాలెం. భర్త సింహాద్రి అక్కడే శ్రీరామ్మూర్తి గారి డ్రైవింగ్ స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా కారు నేర్పుతున్నాడు. ఒక్కతే కూతురు, దేవి, ఇరవై ఒక్కేళ్ళు. తండ్రి దగ్గరే నేర్చుకుని, రెండేళ్ళుగా అదే స్కూల్లో ఆడవాళ్ళకు క్లాసులు చెబుతోంది.

“నిన్న ఆదివారం. పొద్దున్నే ‘అమ్మా, కొండ రోడ్డు మీద ఓ క్లాసున్నాది, తొమ్మిదిన్నరకి ఒచ్చేస్తాను’ అని ఎల్లింది. ఎవులికి క్లాసో సెప్పనేదు. పది దాటినా రానేదు. పదకొండుకి పక్కింటికి ఫోనొచ్చింది. యారాడ కొండ కాడ కారు రాతికి కొట్టీసిందంట. ఓ సేపలమ్మే ముసలమ్మ కింద పడి సచ్చిపోయిందంట. మా పిల్లని పెద్దాసుపత్రికి తెచ్చినారు. ఇప్పటిదాకా కళ్ళు తెరవనేదు బాబూ.”

“తోలినవాళ్ళు?”

“ఎవులో తోలి పారిపోనారంట. సాయంత్రం మా ఆయన ఆసుపత్రి బయటికి ఎల్లి ఒచ్చినాడు. మొకం సచ్చిన మనిసి మొకంలాగున్నాది. నాతో ఏటీ సెప్పనేదు. సక్కగా పోలీసుల కాడికెల్లి ‘నానే తోలినాను, జనం కొడతారని పారిపోనాను’ అని సెప్పీసినాడు. నిన్న పొద్దున్నంతా ఆయన మా ఇంట్లో కొళాయి పైపు బాగుసేత్తన్నాడు. నానే పానా అందించినాను. ఎస్సై గారికి సెప్తే, పెళ్ళానివి నువ్వలాగే సెప్తావన్నాడు. ఈ సాయంత్రం నాలుగింటికి కోర్టులో పెడతారంట. అక్కడా ఒప్పీసుకుంటానంతన్నాడు.” ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. “పిల్ల సూస్తే అలాగున్నాది. ఈయన సూస్తే ఇలాగ. నాకు పిచ్చెక్కిపోతన్నాది.”

జ్ఞానదాసు గోడ గడియారం చూశాడు. ఎనిమిదీ ఇరవై.

*

సర్వేయరుగా ఉన్న రోజుల నుంచీ ఎస్సైకి జ్ఞానదాసు తెలుసు. విసుక్కుంటూనే లాకప్పు దగ్గరికి తీసుకెళ్ళాడు.

సింహాద్రి పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. కటకటాల అవతల గోడకానుకుని కూర్చుని, ఎవరు వచ్చారన్నది కూడా చూడలేదు.

“నానే తోలినాను బాబూ. ముసలమ్మ అడ్డొచ్చింది.”

“ఏ గేర్లో దిగావు?”

“రెండు.”

“బ్రేకు పడలేదా?”

“బ్రేకుతో పనేటి? రెండో గేర్లో దిగితే ఇంజనే బండిని పట్టీసుకుంటాది. ఆ కొండ మీద నాను కాలు బ్రేకు మీద పెట్టింది ఎప్పుడు...” అని ఆగిపోయాడు. ఒక్క క్షణం కళ్ళెత్తి జ్ఞానదాసు వైపు చూశాడు. మళ్ళీ దించుకున్నాడు. “తోలింది నానే. ఇంకేటీ అడక్కండి.”

స్టేషను వెనక ఖాళీ స్థలంలో, తెల్ల మారుతి కారు రేకుల షెడ్డు కింద ఉంది. ఎడమ వైపు ముందు భాగం లోపలికి నొక్కుకుపోయింది. డ్రైవింగ్ స్కూలు బండి కనుక ఎడమ సీటు ముందు కూడా పెడల్స్ ఉన్నాయి. నేర్పేవాళ్ళ కాలికి ఒక క్లచ్, ఒక బ్రేకు. అంతే.

జ్ఞానదాసు నేల మీద పడుకుని ముందు చక్రాల వెనక్కి టార్చి వేశాడు. బ్రేకు డిస్కులు నీలంగా రంగు మారి ఉన్నాయి. ప్యాడ్లు మాడి గాజు పెంకుల్లా మెరుస్తున్నాయి.

“మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు కూడా అదే రాశాడు. కొండ పొడుగునా బ్రేకు తొక్కుతూ దిగితే కాలిపోయి పట్టు పోయిందట,” అన్నాడు ఎస్సై.

“బండి ఇక్కడికి ఎలా తెచ్చారు?”

పక్కనున్న కానిస్టేబులు అందుకున్నాడు. “లారీకి కట్టి సార్. ముందు ఎంత లాగినా కదల్నేదు. సూస్తే గేరు రెండులో ఉన్నాది. న్యూట్రల్ సేస్తే అప్పుడు కదిలింది.”

ఆశ కుడి సీటులో కూర్చుని చూసింది. పెడల్స్ అందలేదు. సీటు చివరి గాడి దాకా వెనక్కి జరిపి ఉంది. తన నోటు పుస్తకంలో రాసుకుంది. ఎందుకు రాసుకున్నదో ఆమెకు అప్పుడే తెలియలేదు.

“ఎస్సై గారూ, దీని క్లచ్ విప్పి చూడాలి.”

“క్లచ్చా? పోయింది బ్రేకులు కదండీ.”

“అందుకే.”

*

కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా ఉంది డ్రైవింగ్ స్కూలు. ముందు గదిలో ట్రాఫిక్ గుర్తుల బోర్డు, వెనక షెడ్డు. శ్రీరామ్మూర్తి అరవయ్యేళ్ళ మనిషి. నిన్నటి నుంచి నిద్ర లేనట్టుంది.

“సింహాద్రి నా తమ్ముడి లాంటివాడండీ. ఇలాంటి పని చేశాడంటే నమ్మబుద్ధి కావట్లేదు. తాళాలు మా ఇంట్లో మేకుకి ఉంటాయి. సర్వీసింగుకని తనే తీసుకెళ్ళి ఉంటాడు. ఆదివారం మాకు క్లాసులుండవు.”

“సింహాద్రికీ మీకూ ఎప్పుడైనా మాట పట్టింపు వచ్చిందా?”

“గేర్ల దగ్గరే. పల్లంలో న్యూట్రల్ చేసి వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని నేనంటాను. ముప్ఫయ్యేళ్ళుగా నేను అలాగే దిగుతున్నాను. అతను వినడు. గేరు తగ్గించి దిగాలని పిల్లలందరికీ నేర్పుతాడు. చెప్పులు విప్పి క్లచ్ తొక్కమంటాడు. అరికాలికి తెలియాలట.”

లోపలి నుంచి ఒక కుర్రాడు టీ కప్పులతో వచ్చాడు. ఆరడుగులుంటాడు. నుదుటి మీద చిన్న ప్లాస్టరు.

“మా అబ్బాయి రాము. ఇంజనీరింగు అయింది. స్టీల్ ప్లాంటులో ట్రైనీగా ఆర్డరొచ్చింది, ఒకటో తారీకున చేరాలి,” అన్నాడు తండ్రి. ఆ అలసటలోనూ గొంతులో గర్వం పలికింది. “పద్దెనిమిది నిండిన నాడే వీడికి లైసెన్సు తీయించాను. టెస్టుకి కూడా వెళ్ళక్కర్లేకపోయింది. నా కొడుకు కదా!”

“నుదుటికేమైంది బాబూ?”

“బాత్రూములో జారానండి.”

“మేం పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఆటోలు కనబడ్డం లేదు. కాస్త దింపగలవా?”

ఆశ అయోమయంగా చూసింది. వాళ్ళ స్కూటరు బయటే ఉంది.

రాము షెడ్డులోంచి స్కూలు రెండో కారు తీశాడు. ఎక్కగానే సీటు కింద మీట పట్టుకుని చివరిదాకా వెనక్కి జరిపాడు. రెండుసార్లు బండి ఆగిపోయింది. మూడోసారి ఎగిరెగిరి కదిలింది. జ్ఞానదాసు ఎడమ సీటులో ఏమీ పట్టనట్టు కూర్చున్నాడు. రైల్వే వంతెన ఎక్కి అవతలికి దిగేటప్పుడు రాము చెయ్యి దానంతటదే గేరు రాడ్డు మీదికి వెళ్ళి న్యూట్రల్‌లోకి తోసింది. బండి చప్పుడు లేకుండా జారింది. కింద ఒక రిక్షా అడ్డం రాగానే రాము బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు.

“గేర్లో దింపచ్చు కదా బాబూ?”

“నాన్నగారి అలవాటండీ. పల్లంలో పెట్రోలెందుకు దండగని.”

*

డ్యూటీ డాక్టరు దేవి కేసు షీటు తిరగేశాడు. తలకు ఎడమ పక్క గాయం. ఎడమ మడమ ఎముక చిట్లింది.

“మడమ ఎలా చిట్లిందంటారు?”

“కాలు దేని మీదో బలంగా ఆనించి ఉండగా దెబ్బ తగిలితే అలా అవుతుంది. అరికాలు చూడండి.”

దేవి పాదం మీంచి దుప్పటి తీశాడు. అరికాలి మీద నాలుగు అడ్డగీతలు నల్లగా కమిలి ఉన్నాయి. పెడల్ రబ్బరు మీది గాట్లంత ఎడంగా ఉన్నాయి. జ్ఞానదాసు చాలాసేపు చూశాడు. తర్వాత వరండాలోకి వచ్చి కాసులమ్మ ముందు నిలబడ్డాడు.

“మీ ఆయన తోలలేదమ్మా. బ్రేకు తొక్కుతూ కొండ దిగానని అబద్ధానికి కూడా ఒప్పుకోలేకపోయాడు. కానీ ఒక సంగతి అడగాలి. సింహాద్రి ఎవరి కోసమైతే జైలుకు వెళ్తాడు?”

కాసులమ్మకు అర్థమయ్యేదాకా ఒక్క నిమిషం పట్టింది. అప్పుడు లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

“ఏటన్నావ్? నా పిల్లా? నా పిల్లా సంపింది? నా మొగుణ్ణి ఇడిపించమని నీ కాడికొస్తే నా కూతుర్ని ఇరికిస్తావేటి? నువ్వు మనిసివేనా?”

వరండాలో జనం తిరిగి చూశారు. ఆశ ఆమె చేతులు విడిపించబోయింది. జ్ఞానదాసు వద్దన్నట్టు తలూపాడు.

“అలా అని మీ ఆయన నమ్ముతున్నాడమ్మా. నేను నమ్మలేదు.”

“మరి ఆపీ. ఇక్కడితో ఆపీ. ఆయనే ఎల్తాడు జైలుకి. మగోడు, రెండేల్లో మూడేల్లో తట్టుకుంటాడు.” ఆమె గోడకు చేరగిలబడి కిందికి జారి కూర్చుంది. తన నోట ఆ మాట వచ్చినందుకు తనే నివ్వెరపోయినట్టు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

జ్ఞానదాసు ఆమె ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు.

“మీరు ఆపమంటే ఆపుతాను. కానీ ఆపితే ఆ పిల్ల లేచాక తండ్రి కళ్ళలోకి ఏమని చూస్తుంది? ఆయన ఏమనుకుని జైల్లో కూర్చున్నాడో ఏదో ఒక రోజు తెలుస్తుంది కదా.”

ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నా పిల్ల మనిసిని కొట్టీసి ఉంటే, అది లేసినాక అదే సెప్తాది. దాచదు. ఎల్లండి. సూడండి.”

*

యారాడ కొండ అవతలి వైపు దిగితే సముద్రం, చేపల పల్లె. కొండ రోడ్డు చివరి మలుపు దగ్గర రాయి మీద తెల్ల పెయింటు గీసుకుపోయి ఉంది. దాని ముందు రోడ్డు మీద బుట్ట తాలూకు వెదురు ముక్కలు ఇంకా పడున్నాయి. ఆ మలుపుకు వంద గజాల కింద బస్సు ఆగే చోటు. అక్కడ ఎప్పుడూ పది మంది ఉంటారు.

చనిపోయిన గంగాలమ్మ భర్త నూకాలు గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులున్నారు. వల బాగుచేసే సూది అతని చేతిలోనే ఉంది. నిన్న ఆ సమయానికి పట్టుకున్నది, ఇంకా కింద పెట్టలేదు.

“నాను ఇక్కడే వల కుడతన్నాను. అది బుట్ట ఎత్తుకుని ఎల్లింది. బస్సుకి టైమయిపోతన్నాది, బేగి ఎల్లే అన్నాను.” అతను ఆగాడు. “బేగి ఎల్లే అన్నాను బాబూ.”

ఎవరో అతని భుజం మీద చెయ్యి వేశారు.

“కారు వస్తుంటే విన్నారా?”

“అదే నాకు తెల్దు. కొండ దిగే బండి ఏదైనా మూలుగుతాది. ఇది సప్పుడు నేకుండా ఒచ్చింది. ఆనక ఒక్కసారి ఇంజను గొంతు సించుకున్నట్టు అరిసింది. అప్పుడు తగ్గింది బండి. బాగా తగ్గింది. ఇంకొంచెం ముందు తగ్గుంటే అది బతికేది. ఎంటనే రాతికి కొట్టింది. నాను పరిగెత్తినాను. మాడిన కంపు. పాత టైరు తగలెట్టినట్టు.”

“అమ్మాయి ఎటువైపు ఉంది?”

“ఎడం తలుపు తీసి నానే లాగినాను. కుడి తలుపు తెరిసే ఉన్నాది. అటేపు ఎవులూ నేరు. పిల్లకి కాళ్ళకి సెప్పులు కూడా నేవు.” అతను మొదటిసారి జ్ఞానదాసు ముఖంలోకి చూశాడు. “ఆ పిల్ల బతికిందా?”

“ఇంకా తెలివి రాలేదు.”

నూకాలు తల దించుకున్నాడు. “సిన్న పిల్ల,” అన్నాడు.

*

రెండున్నరకి వాళ్ళు స్టేషనుకు తిరిగి వచ్చేసరికి కంచరపాలెం మెకానిక్ ఎల్లారావు కారు కిందినుంచి గేరుబాక్సు దించేసి ఉన్నాడు. చేతిలో ఒక గుండ్రటి ప్లేటు పట్టుకుని, శవాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

“ఇది నాను పది రోజుల కిందట ఏసిన కొత్త ప్లేటు సార్. స్కూలు బండికి ఆరు నెల్లకోటి పోతాది. నేర్సుకునేవోల్లు కదా, అరిగించి అరిగించి కాగితంలా సేస్తారు. ఇది అరగనేదు. మందం సూడండి, కొత్తదాని మందమే. కానీ మొకం మాడిపోనాది. ఇలాగ మాడాలంటే ఒక్కసారే మాడాలి, నిమిసంలో.”

“ఎలా మాడుతుంది?”

“బండి జోరు మీదుండగా గేరు తగ్గించి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒదిల్తే. ఎలాగంటే సార్, నడిసే బస్సు ఎక్కీటప్పుడు దాంతో పాటు మనం రెండడుగులు పరిగెడతాం కదా. అలాగ పరిగెడితే ఏటీ అవదు. నిలబడి సెయ్యేస్తే సెయ్యి ఊడొస్తాది. గేరు తగ్గించేముందు యాక్సిలేటర్ కొంచెం తొక్కి ఇంజన్ని పరిగెట్టించాలి. సింహాద్రి బావ నేర్పేది అదే. ఆడి దగ్గిర నేర్సుకున్నోడెవుడూ ఇలా సెయ్యడు.”

“కొండ ఎక్కేటప్పుడే మాడిందేమో?”

“అప్పుడే ఈ గతి పడితే కొండెక్కదు సార్. మధ్యలోనే నిలబడిపోతాది.”

జ్ఞానదాసు ప్లేటు తీసుకుని బరువు చూస్తున్నట్టు పట్టుకున్నాడు. ఆయన ముఖంలో మెల్లగా ఏదో మారింది. ఆశ ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. సంతోషంలా లేదు. దిమ్మెరపోయిన మనిషిలా ఉన్నాడు.

“ఆ పిల్ల ఎంత పని చేసింది, ఆశా,” అన్నాడు.

*

మూడింటికి రేకుల షెడ్డు కిందికి అందరూ వచ్చారు. ఎస్సై, ఎల్లారావు, శ్రీరామ్మూర్తి, రాము, కాసులమ్మ. సింహాద్రిని కానిస్టేబులు తీసుకొచ్చాడు. సింహాద్రి కారును చూడ్డం అదే మొదటిసారి. నలిగిపోయిన ఎడమ పక్క చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. ఏదో లెక్క కుదరనట్టు కుడి సీటు వైపు, మళ్ళీ ఎడమ వైపు చూశాడు.

జ్ఞానదాసు బానెట్ మీద ఒక పక్కన బ్రేకు ప్యాడ్లు, ఒక పక్కన క్లచ్ ప్లేటు పెట్టాడు.

“సింహాద్రీ, నువ్వు పొద్దున్న నాతో చెప్పావు, ఆ కొండ మీద బ్రేకుతో పనే లేదని. ఈ ప్యాడ్లు చూడు.”

సింహాద్రి చూశాడు. ముఖం ముడుచుకుంది. “ఇలాగెలా మాడినాయి? న్యూట్రల్లో దింపినారేటి?”

“అవును. నూకాలుకి ఇంజను చప్పుడు వినబడలేదు. బండి న్యూట్రల్‌లో వచ్చింది. బరువంతా బ్రేకుల మీద పడి, సగం కొండలోనే అవి పనిచెయ్యడం మానేశాయి. అలా దింపినవాడికి గేరు తగ్గించి దిగడం తెలియదు. కానీ చివర్లో ఎవరో తగ్గించారు. ఇంజను అరిచింది, బండి నెమ్మదించింది, గేరు రెండులోనే దొరికింది. న్యూట్రల్ చేసిన చెయ్యి, రెండులో వేసిన చెయ్యి ఒకటి కాదు. బండిలో ఇద్దరున్నారు.”

జ్ఞానదాసు కారు ఎడమ వైపుకి నడిచాడు.

“రెండో మనిషికి పని బాగా తెలుసు. మరి యాక్సిలేటర్ ఎందుకు తొక్కలేదు? కొత్త ప్లేటును ఒక్క నిమిషంలో ఎందుకు మాడ్చుకుంది? ఎందుకంటే ఆమె కూర్చున్న వైపు యాక్సిలేటర్ లేదు.” ఆయన ఎడమ తలుపు తెరిచి చూపించాడు. “ఇక్కడున్నవి రెండే పెడల్స్. దేవిని నూకాలు లాగింది ఈ తలుపులోంచి. ఆమె ఎడమ అరికాలి మీద ఈ క్లచ్ రబ్బరు గాట్లు అచ్చు పడి ఉన్నాయి. చేత్తో గేరు మార్చి, ఉత్తి కాలితో క్లచ్ కొంచెం కొంచెంగా వదిలి, బండిని పట్టుకుంది. ప్లేటు మాడుతుందని ఆమెకు తెలుసు. మాడనిచ్చింది. సింహాద్రీ, మీ అమ్మాయి బండి తోలలేదు. ఆపింది.”

సింహాద్రి వంగి ఆ క్లచ్ రబ్బరు మీద అరచెయ్యి పెట్టాడు.

“తోలినవాడు పొడుగరి. సీటు చివరి గాడిలో ఉంది. నువ్వు ఆ సీట్లో కూర్చుంటే నీ కాలు అందదు. తాళాలుండేది ఎవరింట్లో? పల్లం చూడగానే న్యూట్రల్‌లోకి వెళ్ళే చెయ్యి ఎవరిది? ఈ రోజు వంతెన మీద ఆశా, నేనూ చూశాం. ఇంక ఒకటే మిగిలింది, అది నువ్వే చెప్పాలి. దేవి తోలిందని నీతో ఎవరు చెప్పారు?”

సింహాద్రి నోటితో చెప్పలేదు. తల తిప్పి రాము వైపు చూశాడు. ఆ చూపుకి రాము రెండడుగులు వెనక్కి వేసి కారుకి తగిలి ఆగిపోయాడు.

“బాబు... ఆసుపత్రి బయట...” అన్నాడు సింహాద్రి. “‘నాను కొండ మీదే దిగిపోనాను మావా, ఆమొక్కతే దింపింది, ముసలమ్మని గుద్దీసింది. పారిపోయినోడెవుడూ నేడు. నువ్వు తోలినానంటే ఆమెకి కేసుండదు’ అన్నాడు. ఏడిసినాడు కూడా. నాను ఓదార్సినాను బాబుని.”

“రామూ!” అన్నాడు శ్రీరామ్మూర్తి. అది పిలుపులా లేదు. ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని ఊపాడు. “కాదని చెప్పరా. నీకు లైసెన్సుంది. నీకు డ్రైవింగొచ్చు. కాదని చెప్పు.”

“నాకు రాదు నాన్నా,” అన్నాడు రాము.

ఆ తర్వాత మాటలు ఆగలేదు. డ్రైవింగ్ స్కూలు వాళ్ళబ్బాయికి డ్రైవింగు రాదంటే నవ్వుతారని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలి దేవి దగ్గర నెల రోజులుగా ఆదివారాలు నేర్చుకుంటున్నాడు. కొండ దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యొద్దని ఆమె అంది. మా నాన్న ముప్ఫయ్యేళ్ళుగా ఇలాగే దిగుతున్నాడని నవ్వి చేశాడు. బ్రేకు పడనప్పుడు చేతులూ కాళ్ళూ ఆడలేదు. స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకున్నాడు.

“గేరు తనే వేసింది. ముసలమ్మ తగిలింది. కింద బస్సు దగ్గర జనం ఉన్నారు. స్టీరింగు తను పట్టుకుని తనవైపుకి లాగింది, రాయి వైపుకి. నేను చూశాను. తనవైపే తగిలేట్టు లాగింది.” రాము నేల మీద కూర్చుండిపోయాడు. “నేను దిగి పరిగెత్తాను. పోలీస్ రిపోర్టు ఉంటే ఉద్యోగం రాదనుకున్నాను.”

శ్రీరామ్మూర్తి బానెట్ మీది మాడిన ప్యాడ్లను చూస్తూ ఉండిపోయాడు. ఎస్సై ఆయన్ని రెండుసార్లు పిలిచాడు. వినిపించుకోలేదు.

కాసులమ్మ రాము దగ్గరికి వెళ్ళింది. కొడుతుందనుకుని కానిస్టేబులు అడ్డం వచ్చాడు. ఆమె కొట్టలేదు.

“నా పిల్ల నెత్తురోడతంటే ఒగ్గీసి ఎల్లిపోనావు. అది సాలక దాని మీదే పెట్టీసినావు. మా ఇంట్లో అన్నం తిన్నావు గదరా,” అంది. ఆ గొంతులో కోపం కన్నా విస్తుపోవడమే ఎక్కువుంది.

*

దేవి మర్నాడు మధ్యాహ్నం కళ్ళు తెరిచింది. సాయంత్రానికి మాటలొచ్చాయి. జ్ఞానదాసూ ఆశా వెళ్ళేసరికి సింహాద్రి మంచం పక్కన నిలబడే ఉన్నాడు, స్టూలు ఉన్నా కూర్చోకుండా. కాసులమ్మ గ్లాసులో జావ చల్లారుస్తోంది.

దేవి ముసలమ్మ సంగతి అడిగితే సింహాద్రి తల అడ్డంగా ఊపాడు. దేవికి అర్థమయింది. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకునే ఓపిక లేదు. జరిగినదంతా ఆశ మెల్లగా చెప్పింది.

దేవి తల తిప్పకుండా కళ్ళు మాత్రం తండ్రి వైపు తిప్పింది.

“నాను మనిసిని గుద్దీసినానని సెప్తే నమ్మీసినావా నాన్నా?”

సింహాద్రి మంచం పట్టె పట్టుకున్నాడు.

“నన్నడగాలి కదా.”

“నీకు తెలివి నేదమ్మా.”

“లేసేదాకా ఆగాలి. ఒక్క రోజు. నాను లేసి సెప్తాను గదా.”

పక్క మంచం వాళ్ళ పిల్ల ఏడుపు లంకించుకుంది, ఆగింది. అప్పుడన్నాడు సింహాద్రి.

“ఆదివారం సాయంత్రం డాక్టరు నన్ను పక్కకి పిలిసినాడు. నువ్వు లెగుస్తావని సెప్పలేమన్నాడు. రాతిరి గడవడమే కష్టమన్నాడు. ఎల్లిపోయే పిల్ల మీద ఆ మాట ఉండకూడదనుకున్నాను తల్లీ. నువ్వు లెగుస్తావనుకుంటే ఆగుదును.”

కాసులమ్మ చేతిలో జావ గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఆ రాత్రంతా ఆమె ఈ మంచం పక్కనే కూర్చుంది. తెల్లారాక లేస్తుందని దువ్వెన కూడా తెచ్చి పెట్టుకుంది. డాక్టరన్న ఆ మాట ఆమెకెవరూ చెప్పలేదు.

“ఏటన్నాడు?” అంది భర్త వైపు చూసి. “డాక్టరు నీతో ఏటన్నాడు?”